మింగలాడాన్ మట్టి కింద

విమానం కిందికి దిగుతున్నంతసేపూ కిటికీకి ముఖం ఆనించి నేలనే చూస్తున్నాను. ఎండిన గడ్డి, రన్‌వే పక్కన ఎర్రమట్టి, దూరంగా రేకుల షెడ్లు. అది 2019 జనవరి. యాంగోన్ విమానాశ్రయం ఉన్న చోటి పేరు మింగలాడాన్. ఈ మట్టి కిందే యుద్ధవిమానాలు ఉన్నాయని ఒక మనిషి ఏళ్ల తరబడి నమ్మాడు. ఆ చోటు చూడాలనే వచ్చాను.

నిజానికి వచ్చింది అందుకొక్కదానికే కాదు. మా ఇంట్లో ఈ ఊరిని యాంగోన్ అని గానీ, రంగూన్ అని గానీ ఎవరూ అనరు. రంగం అంటారు. మా తాత పెళ్లికి ముందే రంగం వెళ్లి, రేవులో మూటలు మోశాడు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చిన వాళ్లమని బర్మావాళ్లు తెలుగువాళ్లందరినీ కోరంగీలనే పిలిచేవారట. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు ఊరి మీద బాంబులు వేసినప్పుడు తాతా నాయనమ్మా ఇక్కడే ఉన్నారు. కొన్ని వారాల తరవాత అందరితో పాటు నడక మొదలుపెట్టారు. ప్రోమ్ మీదుగా కొండలు దాటి అరకాన్ తీరానికి, అక్కడి నుంచి చిట్టగాంగ్‌కి. బయల్దేరే ముందు రాత్రి తాత వంటింటి వెనక గొయ్యి తవ్వి రెండు ఇత్తడి బిందెలు, ఒక గంగాళం పాతిపెట్టాడు. "చింతచెట్టుకి ఏడడుగులు, తూర్పుకి," అని నాయనమ్మ చనిపోయేదాకా చెబుతూనే ఉండేది.

అందుకే 2012లో టీవీలో ఆ వార్త విన్నప్పుడు లేచి కూర్చున్నాను. ఇంగ్లండులోని లింకన్‌షైర్‌కి చెందిన రైతు డేవిడ్ కండల్. 1945లో పెట్టెల్లో వచ్చిన స్పిట్‌ఫైర్ అనే బ్రిటిష్ యుద్ధవిమానాలను విప్పకుండానే ఇక్కడ పాతిపెట్టారని ఆయన నమ్మకం. ఆ ఏడాది ఏప్రిల్‌లో బ్రిటన్ ప్రధాని కామెరాన్ బర్మా వచ్చినప్పుడు ఈ మాట కూడా కదిలింది, అక్టోబర్‌లో తవ్వకానికి ఒప్పందం కుదిరింది. మింగలాడాన్‌లో 36, ఉత్తరాన మిచ్చీనాలో 18, మెయిక్తిలాలో 6 ఉంటాయని అప్పట్లో చెప్పుకున్న లెక్క. ఇరవై వేలకు పైగా తయారైన స్పిట్‌ఫైర్లలో ఇవాళ ఎగిరేవి కొన్ని పదులే. ఒక్కటి చెక్కుచెదరకుండా దొరికినా పండగే.

స్పిట్‌ఫైర్ మనకు మరీ పరాయిదేమీ కాదు. బర్మా మీద ఈ విమానాలతో పోరాడిన 152వ స్క్వాడ్రన్ పేరు హైదరాబాద్ స్క్వాడ్రన్. నిజాం ఇచ్చిన డబ్బుకు గుర్తుగా ఆ పేరు పెట్టారు, దాని ముద్ర మీద ఆయన తలపాగా ఉంటుంది.

మర్నాడు ఇక్కడి తెలుగు పెద్దాయన ఒకాయన నాతో వచ్చారు. పుట్టింది ఇక్కడే, మాట మాత్రం శ్రీకాకుళం మాట. విమానాశ్రయం కంచె పక్కన టీ కొట్టు దగ్గర టాక్సీ ఆపించి, చెయ్యి చాపి చూపించారు. "అదిగో బాబూ, ఆ పక్కనే తవ్వారు. ఆ ఏడు ఎక్కడ కూసున్నా ఇదే మాట." లోపలికి వెళ్లనివ్వరు. కంచె ఇవతల నుంచే చాలాసేపు చూశాను.

2013 జనవరిలో తవ్వినవాళ్లకి రన్‌వే దగ్గర కరెంటు తీగలూ నీళ్ల పైపులూ అడ్డం వచ్చాయి. మిచ్చీనాలో ఒక పెట్టె కనబడిందన్నారు, కెమెరా దింపితే బురదనీరే కనిపించింది. యుద్ధం నాడు ఇక్కడ సిపాయిగా ఉన్న స్టాన్లీ కూంబ్ తొంభై దాటిన వయసులో వాళ్లతో వచ్చాడు. పెద్దపెద్ద పెట్టెలు గోతిలోకి దించుతుంటే తాను చూశానన్నాడు. ఆయన అబద్ధం ఆడాడని నేను ఏనాడూ అనుకోలేదు. తొంభై ఏళ్ల మనిషి, వయసులో ఉన్నప్పుడు చూసిన గొయ్యిని వెతుక్కుంటూ అంత దూరం వచ్చాడంటే ఆ గొయ్యి ఆయన కళ్లలో ఎంత స్పష్టంగా ఉండి ఉండాలి!

జవాబు దొరికింది మట్టిలో కాదు, రేవు లెక్కల్లో. ఆ తవ్వకానికి డబ్బు పెట్టిన వీడియోగేమ్ కంపెనీ వార్‌గేమింగ్, పాత రికార్డులు కూడా తిరగేయించింది. 1945, 46లలో రంగూన్ రేవులో దిగిన విమానాలు మొత్తం 37, మూడు ఓడల్లో వచ్చాయి. ఆ పెట్టెల్లో స్పిట్‌ఫైర్ ఒక్కటీ లేదు, చాలావరకు 1946 చివర్లో మళ్లీ ఓడెక్కి వెళ్లిపోయినట్టే ఉంది. ఆ సంగతి చదివినప్పటి నుంచీ నాకు ఒకటే ధ్యాస. మా తాత 46లోనే తిరిగొచ్చి అదే రేవులో పనికి చేరాడు. ఆ పెట్టెలకి తాళ్లు కట్టిన చేతుల్లో ఆయన చేతులూ ఉన్నాయేమో. పాతిపెట్టారా లేదా అని ఆ కూలీలను అడిగినవాళ్లు ఉంటే ఎంత బాగుండేది.

పాతిపడినవి అసలు దొరకవని కాదు. 1942లో గ్రీన్‌లాండ్ మంచు మీద దిగిపోయిన విమానాల్లో ఒక పి-38 అనే అమెరికన్ యుద్ధవిమానాన్ని, యాభై ఏళ్ల తరవాత 268 అడుగుల లోతు నుంచి ముక్కలుగా పైకి తీశారు. 2002లో అది మళ్లీ ఎగిరింది. కండల్ కూడా 2013తో ఆగలేదు. ఆయన్ని నేను తప్పుపట్టలేను.

అక్కణ్నించి ప్యే రోడ్డు మీదే పైకి వెళితే తౌక్యన్ యుద్ధ శ్మశానం. ఆరువేలకు పైగా సమాధులు. మధ్యలో స్తంభాల మంటపం, సమాధి కూడా దక్కని దాదాపు ఇరవై ఏడు వేలమంది పేర్లు దాని మీద చెక్కారు. ఎక్కువ మంది మన దేశం వాళ్లే. వేలితో ఒక్కో వరసా చదువుకుంటూ పోయాను. నడకలో చనిపోయిన కూలీల పేర్లు ఇక్కడే కాదు, ఎక్కడా లేవు. నాయనమ్మ చంకనెత్తుకుని బయల్దేరిన మా పెద్దత్త అరకాన్ దారిలో పోయింది. ఆ పిల్లకి అప్పటికి పేరు పెట్టలేదు.

సాయంత్రం రేవు దగ్గర కూర్చున్నాం. తిరిగొచ్చాక తాత మూడు రోజులు తవ్వాడనీ, ఇళ్లూ సందూ ఏమీ మిగలక చోటు పోల్చుకోలేకపోయాడనీ పెద్దాయనకు చెప్పాను. గుర్తేమైనా ఉందా అని అడిగారు. చింతచెట్టు గురించి చెప్పాను. కాసేపు నది వైపు చూస్తూ ఏదో ఆలోచించి, లుంగీ సర్దుకుని లేచారు.

"రేవుకి తూరుపున పాత చింత ఒకటుంది బాబూ. చీకటి పడీలోగా సూసొద్దాం, పద."