గాలిని అడిగి పెట్టుకున్న సెలవు

మొదటిసారి రామేశ్వరం వెళ్లింది దీపావళి సెలవుల్లో. ఆఫీసులో దొరికిన నాలుగు రోజులకు మరో రెండు కలుపుకుని, విశాఖపట్నం నుంచి చెన్నై, మదురైల మీదుగా పాంబన్ దీవి చేరుకుని, కైట్‌సర్ఫింగ్, అంటే కైట్ అనే పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీటిపై జారే ఆట, నేర్చుకోవాలన్న ఉత్సాహంతో ఆరు రోజులు అక్కడే ఉన్నాను. ఆ ఆరు రోజుల్లో కైట్ ఒక్కసారి కూడా సరిగా పైకి లేవలేదు. నైరుతి గాలి వెళ్లిపోయి, ఈశాన్య గాలి ఇంకా కుదురుకోని కాలం అది. పైగా ఆ జిల్లాకు ప్రధానమైన వానలు అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యనే పడతాయి. సెలవు ఎప్పుడు దొరుకుతుందో చూసుకున్నానే గాని, గాలి ఎప్పుడు వీస్తుందో కనుక్కోలేదు. తప్పు నాదే. అందుకే ఈసారి ముందు గాలికి తేదీలు కుదుర్చుకుని, ఆ తర్వాతే సెలవు అడిగాను.

రామేశ్వరాన్నే మళ్లీ మళ్లీ ఎంచుకోవడానికి కారణం అక్కడి నేల తీరు. పాంబన్ దీవి ధనుష్కోడి వైపు పోయేకొద్దీ సన్నబడి, చివరికి రెండు సముద్రాల మధ్య ఒక ఇసుక తిన్నెగా మిగులుతుంది. ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నార్ సింధుశాఖ. వేసవి చివర మొదలై సెప్టెంబరు దాకా నైరుతి నుంచి వచ్చే గాలి మన్నార్ వైపు నీటిని అలలుగా లేపుతుంది. అదే గాలి తిన్నెను దాటి అవతలికి దిగినప్పుడు, అల పుట్టి పెరగడానికి చాలినంత దూరం ఉండదు కనుక, ఒడ్డు దగ్గరి నీరు పళ్లెంలో పోసినట్టు నిలిచి ఉంటుంది. చలికాలంలో ఈశాన్య గాలి పట్టుకున్నాక ఇదంతా తిరగబడి, దక్షిణపు ఒడ్డు ప్రశాంతమవుతుంది. అక్కడివారు నెమ్మదిగా ఉండే ఉత్తరపు నీటిని ఆడ సముద్రమనీ, పోటెత్తే దక్షిణపు నీటిని మగ సముద్రమనీ అంటారు. గాలి ఏ కాలంలో ఎటు నుంచి వీచినా, నేర్చుకునేవారికి ఏదో ఒక వైపు నిశ్చలమైన నీరు దొరికే ఇలాంటి చోటు మన తీరంలో నేను మరొకటి చూడలేదు.

ఈ నిశ్చలమైన నీటి విలువ నాకు రెండో ప్రయాణంలో, ఫిబ్రవరిలో, తెలిసింది. నడుము లోతు నీటిలో నిలబడి ఉన్నాను. ఇరవై మీటర్లకు పైగా పొడవున్న నాలుగు తాళ్ల చివర కైట్ తలమీద నిలిచి ఉంది. తాళ్లు బిగిసి సన్నగా మోగుతున్నాయి. ఆ మోత చెవికి వినిపించడమే కాక, కైట్‌ను తిప్పడానికి పట్టుకునే కడ్డీ, అంటే బారులోంచి అరచేతుల్లోకి దిగుతోంది. పాదాలు బోర్డు పట్టీల్లో దూర్చి, కైట్‌ను ఒక పక్కకు వాల్చగానే, ఎవరో నడుం పట్టుకుని లేపినట్టు నీటి మీద నిలబడ్డాను. పది మీటర్లు పోయానో లేదో పడిపోయాను. కాని పడినచోట అల లేదు, లేచి నిలబడితే కాలికి ఇసుక తగిలింది, మరుక్షణమే మళ్లీ ప్రయత్నించగలిగాను. అలలున్న చోటైతే ఆ మధ్యాహ్నమంతా బోర్డు వెతుక్కోవడంతోనే గడిచిపోయేది.

అయితే నీటిని అంత నిశ్చలంగా ఉంచే గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి వీచే గాలి. బోర్డు జారిపోయినా, కైట్ నీటిలో పడి లేవకపోయినా, మనిషి గాలివాలుకు లోపలికే కొట్టుకుపోతాడు తప్ప ఒడ్డుకు రాడు. కనుక శిక్షణ ఇచ్చేవారిని ఎంచుకునేటప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న రుసుము గురించి కాదు: నేను నీటిలో ఉన్నంతసేపూ తోడుగా పడవ సిద్ధంగా ఉంటుందా అన్నది. శిక్షకుడికి అంతర్జాతీయ కైట్‌బోర్డింగ్ సంస్థ, అంటే ఐకేఓ, ధ్రువపత్రం ఉందా అన్నది రెండో ప్రశ్న. ఈ రెంటికీ సూటిగా జవాబు రాని చోట, ఎంత తక్కువ ధర చెప్పినా, నేను నీటిలో దిగను.

ఈసారి ప్రయాణం జులై చివరి వారంలో. ఆడి గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని తమిళంలో సామెత ఉంది. ఆడి మాసమంటే జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. నాలాగా ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్నవారికి గాలి 15 నుంచి 20 నాట్ల మధ్య, అంటే గంటకు సుమారు 28 నుంచి 37 కిలోమీటర్ల వేగంతో, నిలకడగా వీస్తే చాలు. గాలి వేగం రెట్టింపైతే కైట్ లాగే బలం నాలుగు రెట్లవుతుంది కనుక, సూచనలు చూసేటప్పుడు సగటు వేగంతోపాటు ఈదురు వేగాన్ని, అంటే ఉన్నట్టుండి విసిరికొట్టే గాలి వేగాన్ని కూడా చూసి, ఆ రెంటి మధ్య తేడా ఎక్కువగా ఉన్న రోజున చిన్న కైట్ తీసుకోవడమో, ఒడ్డునే ఆగిపోవడమో మంచిది. నా బరువు 75 కిలోలు. ఫిబ్రవరిలో 12 చదరపు మీటర్ల కైట్ వాడాను, ఈసారి 9 చదరపు మీటర్లది కూడా సిద్ధంగా ఉంచమని ముందే చెప్పాను. కైట్, బోర్డు అక్కడే అద్దెకు తీసుకుంటాను. నడుముకు కట్టుకునే హార్నెస్ మాత్రం సొంతం. పోయినసారి అద్దెది వదులై పక్కటెముకల మీదికి పాకి, మూడో రోజుకల్లా ఒరుసుకుపోయింది.

ఎనిమిది రోజులు పెట్టుకున్నాను. అందులో ఐదు రోజులు గాలి దొరికినా తృప్తే. మదురై విమానాశ్రయం నుంచి రామేశ్వరానికి రోడ్డు మీద సుమారు 170 కిలోమీటర్లు, కనుక రాకపోకలకు రెండు పూటలు పోతాయి. గదిని ఊరి మధ్యలో కాక ధనుష్కోడి దారిలో తీసుకున్నాను. ఆడి అమావాస్యకు పితృకర్మల కోసం లక్షల మంది వస్తారు. ఆ రోజుల్లో ఊళ్లో గది దొరకదు, దొరికినా రోడ్లు కదలవు, అందుకే తేదీలు అమావాస్యకు ఎడంగా చూసుకున్నాను. కాశీ నుంచి తెచ్చి పూజగదిలో ఉంచిన గంగ చెంబును అమ్మ నా చేతికిచ్చి, “రామనాథుడికి అభిషేకం చేయించి రా నాన్నా, ఆ తర్వాతే నీ గాలిపటం” అంది. మొదటి ఉదయం ఆ పనికే కేటాయించాను.

సముద్రం అక్కడి జాలర్ల బతుకుతెరువు అన్న సంగతి కూడా ప్రయాణ సన్నాహంలో భాగమే. మన తూర్పు తీరంలో మరపడవల వేటకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధం. జులై నాటికి పడవలన్నీ నీటిలో ఉంటాయి, ఒడ్డున వలలు ఆరబెట్టి ఉంటాయి. కైట్ లేపేముందు గాలివాలులో రెండు తాళ్ల పొడవు మేర, అంటే దాదాపు 50 మీటర్లు, మనిషిగాని వలగాని లేకుండా చూసుకోవాలి. తిన్నె కొస నుంచి శ్రీలంక వైపు తలైమన్నార్ 30 కిలోమీటర్ల లోపే; జలసరిహద్దు అంతకంటే దగ్గర. ఇక మన్నార్ వైపున్న 21 దీవులు 1986 నుంచి సముద్ర జాతీయవనం. వాటి జోలికి వెళ్లకూడదని శిక్షకులు మొదటి రోజే చెబుతారు, చెప్పాలి కూడా.

మిగిలింది అభ్యాసం. కైట్‌ను ఒక్క తోపుతో విడిపించే మీట హార్నెస్‌కు ఎదురుగా, పొట్ట దగ్గర ఉంటుంది. శిక్షకుడి దగ్గర నుంచి పాత బారు ఒకటి అడిగి తెచ్చుకున్నాను. రోజూ రాత్రి భోజనానికి ముందు హార్నెస్ కట్టుకుని, బారు తగిలించి, కళ్లు మూసుకుని ఆ మీటను చేత్తో వెతికి తోస్తున్నాను, ముందు కుడి చేత్తో, తర్వాత ఎడమ చేత్తో. కుడి చేయి ఇప్పుడు తడబడటం లేదు. ఎడమ చేతికి ఇంకా మూడు వారాల గడువుంది.