అక్వేరియం ఫొటోల కోసం పాత కెమెరా కొన్నా

మా హాల్లో రెండడుగుల ట్యాంక్ ఉంది, పెట్టి మూడేళ్లు దాటింది. నియాన్ టెట్రాలు (నీలం గీత ఉండే చిన్న చేపలు), అడుగున తిరిగే కోరీ చేపలు నాలుగు, వెనకాల గుబురుగా వాలిస్నేరియా మొక్కలు, చెక్కకి కట్టిన జావా ఫర్న్ మొక్క. సాయంత్రం ఆఫీస్ నుంచి రాగానే చెప్పులు విప్పి ముందు దాని దగ్గరికే వెళ్తా.

పోయిన జనవరి చలికి ఒక నియాన్ ఒంటి మీద ఏదో తెల్లగా కనిపించింది. ఉప్పు రవ్వలాంటి చుక్కా, బూజా, ఎక్కడైనా గీరుకుని పొలుసు ఊడిందా అన్నది కంటికి తేలట్లేదు, చేప చూస్తే మూడు సెంటీమీటర్లు కూడా లేదు, పైగా ఒక్క క్షణం ఒక చోట ఆగదు. కాకినాడలో మా బాబాయికి ముప్పై ఏళ్ల నుంచీ చేపల పిచ్చి, ఏదొచ్చినా ఆయన్నే అడుగుతా. ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపా, ఒకటి కాదు పద్దెనిమిది. ఆయన ఫోన్ చేసి "అమ్మాయ్, ఇందులో నీలం గీత కనిపిస్తోంది, అద్దంలో నీ ఫోన్ కనిపిస్తోంది, చేప ఒళ్లు మాత్రం కనిపించట్లేదమ్మా, నేనేం చెప్పను?" అన్నారు. మూడు రోజులకి ట్యాంక్ మొత్తం చుక్కలే, వైట్ స్పాట్ అనే చేపల జబ్బు. హీటర్ పెట్టి మందు వేసి మిగతావాటిని నిలబెట్టుకున్నా గానీ నాలుగు పోయాయి. మొదటి రోజే తెలిసుంటే ఆ నాలుగూ ఉండేవేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. కెమెరా కొనాలని గట్టిగా అనుకుంది అప్పుడే, 25 వేలు దాటకూడదు అని కూడా అప్పుడే అనుకున్నా.

ముందు ఫోన్ ఎందుకు సరిపోలేదో అర్థం చేసుకోవాల్సి వచ్చింది, లేకపోతే అదే తప్పు ఇంకో డబ్బాతో చేస్తాం కదా. ఫోన్ సెన్సర్ (వెలుగుని ఫొటోగా మార్చే చిప్) చిన్నది, ట్యాంక్ లైట్ మనకి ఎంత ధగధగా కనిపించినా కెమెరా లెక్కలో అది చాలా తక్కువ వెలుగు, అందుకని ఫోన్ షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, లేదా నాలుగైదు ఫొటోలు తీసి కలిపేస్తుంది, కదలని బొమ్మకైతే బానే ఉంటుంది గానీ చేప ఆ నాలుగు ఫొటోల్లో నాలుగు చోట్ల ఉంటుంది. తర్వాత గరుకుదనం పోగొట్టడానికి నునుపు చేస్తుంది, ఆ నునుపులో పొలుసులు పోతాయి, నాకు కావాల్సిన చుక్క కూడా పోతుంది. షట్టర్ స్పీడ్ మనమే పెంచితే చవక ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటోలో అడ్డంగా నల్లటి పట్టీలు వస్తాయి, ఎందుకంటే ఆ లైట్లు మన కరెంటుతో పాటు సెకనుకి 100 సార్లు మినుకుతుంటాయి. 1/100కి, 1/50కి దించితే పట్టీలు పోతాయి, కానీ ఆ స్పీడ్‌లో చేప అలుక్కుపోతుంది.

షాపుల్లో మొదట చూపించింది పెద్ద జూమ్ ఉన్న కెమెరాలు, లెన్స్ ఊడదు, అరవై రెట్లు దగ్గరికి తెస్తుంది అని. చందమామకీ కొంగకీ అవి మంచివే. కానీ వాటిలో చాలావాటి సెన్సర్ 6 మిల్లీమీటర్ల చిల్లర వెడల్పు మాత్రమే, లెన్స్ మార్చుకునే మామూలు డీఎస్ఎల్ఆర్‌లో ఉండే ఏపీఎస్-సీ సైజు సెన్సర్ దాదాపు 23.5 మిల్లీమీటర్లు, వైశాల్యం లెక్కేస్తే పదమూడు రెట్లు. పైగా ఫుల్ జూమ్‌లో మీటరు పైగా వెనక్కి జరిగితే గానీ ఫోకస్ అవ్వదు, అంత దూరం నుంచి అద్దంలోంచి తీస్తే గదిలో ఉన్నవన్నీ అద్దంలో కనిపిస్తాయి. అందుకని వాటి జోలికి వెళ్లలేదు.

నాకు కావాల్సినవి మూడే అని తేలింది. షట్టర్, అపర్చర్ (లెన్స్ కంత ఎంత తెరుచుకోవాలో, ఎఫ్ అంకెల్లో చెప్తారు, అంకె చిన్నదైతే కంత పెద్దది), ఐఎస్ఓ (అందిన వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపించాలో) మూడూ నా చేతిలో ఉండే మాన్యువల్ మోడ్. రా ఫైల్ (కెమెరా మార్పులు చేయని ముడి ఫొటో) తీయగలగడం, ఎందుకంటే అక్వేరియం లైట్ల కింద ఆటో వైట్ బ్యాలెన్స్ (కెమెరా తనంతట తను రంగులు సర్దడం) మొక్కల్ని పాలిపోయిన పసుపు చేసేస్తుంది, రా అయితే తర్వాత కంప్యూటర్లో తీరిగ్గా సరిచేసుకోవచ్చు. మూడోది, అందరూ వదిలేసేది, పైన ఫ్లాష్ పెట్టుకునే హాట్ షూ. ఈ మూడూ 2012 నుంచి వచ్చిన ఏ మొదటి మెట్టు డీఎస్ఎల్ఆర్‌లో అయినా ఉంటాయి, నికాన్ డి3200, డి3300, కెనాన్ 1200డి, 1300డి, ఏదైనా. సోనీ ఎ6000 కూడా మంచిదే గానీ నేను చూసిన రోజు నా బడ్జెట్‌లో దొరకలేదు.

ఒక్క జాగ్రత్త. కెనాన్ 1500డి, 3000డి హాట్ షూలో మధ్యలో ఉండాల్సిన పిన్ను ఉండదు. కెనాన్ ఫ్లాష్‌లకీ, కెనాన్ కోసం ప్రత్యేకంగా చేసిన వాటికీ పర్లేదు, కానీ చవకగా దొరికే అందరికీ పనికొచ్చే ట్రిగ్గర్లు (ఫ్లాష్‌ని దూరం నుంచి వెలిగించేవి), పాత మాన్యువల్ ఫ్లాష్‌లు వాటి మీద వెలగవు. అక్వేరియం ఫొటోలకి ఇది చిన్న సంగతి కాదు, ఎందుకో కింద చెప్తా. పాతదైన 1300డికి ఆ పిన్ను ఉంది.

లెన్స్ సంగతి దగ్గర నాకు చాలా టైం పట్టింది. అందరూ "35 ఎంఎం ఎఫ్ 1.8 తీసుకో, వెలుగు ఎక్కువ" అంటారు, నిజమే, వెలుగు బోలెడు. కానీ నికాన్ 35 ఎంఎం డీఎక్స్ ఎంత దగ్గరికి పెట్టినా వస్తువుని సెన్సర్ మీద 0.16 వంతు సైజులోనే వేస్తుంది, అదే కెమెరాతో పాటు ఊరికే వచ్చే 18-55 కిట్ లెన్స్ 55 దగ్గర 0.3 దాకా ఇస్తుంది. మన భాషలో చెప్పాలంటే మూడు సెంటీమీటర్ల నియాన్ ఆ 35 ఎంఎం లెన్స్‌తో సెన్సర్ మీద ఐదు మిల్లీమీటర్లు పడుతుంది, కిట్ లెన్స్‌తో తొమ్మిది. 24 మెగాపిక్సెల్ ఫొటోలో అడ్డంగా 6000 పిక్సెల్స్ ఉంటాయి కాబట్టి చేప ఒక్కటే 2300 పిక్సెల్స్ పొడవుంటుంది, అందులో ఒక మిల్లీమీటరు తెల్ల చుక్క దాక్కోలేదు. ఇంతకన్నా దగ్గరికి కావాలంటే మాక్రో లెన్స్ ఉంది, కానీ 40 ఎంఎం మాక్రో పూర్తి సైజులో తీయాలంటే లెన్స్ ముందు మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలో చేప ఉండాలి, అద్దానికి ముక్కు ఆనించుకుని కూర్చునే చేప మా ఇంట్లో లేదు. 100 ఎంఎం మాక్రో అసలైన జవాబు, కానీ అది నా మొత్తం బడ్జెట్‌ని మింగేస్తుంది. కిట్ లెన్స్‌ని చిన్నచూపు చూడొద్దు, నేను చెప్పేది అదే.

చివరికి కోఠిలో సెకండ్ హ్యాండ్ డి3300 తీసుకున్నా, కిట్ లెన్స్‌తో కలిపి పదిహేడున్నర వేలు. వెళ్లేటప్పుడు నా మెమొరీ కార్డు, చిన్న టార్చి పట్టుకెళ్లా. లెన్స్‌లోకి వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూస్తే లోపల సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది ఫంగస్, ఎంత తక్కువకిచ్చినా వద్దు, మొదట చూసిన దాంట్లో సరిగ్గా అదే ఉంది. తర్వాత ఎఫ్ 16 పెట్టి తెల్ల గోడని తీసి పెద్దది చేసి చూస్తే సెన్సర్ మీద దుమ్ము మచ్చలు తెలుస్తాయి, అవి తుడిస్తే పోతాయి కాబట్టి బేరానికి పనికొస్తాయి. నికాన్‌లో అయితే ఒక ఫొటో తీసి ఆ ఫైల్ వివరాల్లో చూస్తే షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో ఉంటుంది, డి3300 షట్టర్‌ని లక్ష సార్లకి పరీక్షించారు, నాది 14 వేల దగ్గర ఉంది. షాపాయన రిఫ్లెక్షన్ పోతుందని పోలరైజర్ ఫిల్టర్ కూడా ఇవ్వబోయారు, నేను తీసుకోలేదు. పోలరైజర్ పనిచేసేది అద్దాన్ని బాగా పక్కవాటుగా చూసినప్పుడు, ఎదురుగా నిటారుగా చూస్తే ఏమీ తీసేయదు, పైగా ఉన్న వెలుగులో సగానికి పైగా తినేస్తుంది. అక్వేరియంని పక్కవాటుగా తీయకూడదు కూడా, ఎందుకంటే నీళ్లలోంచి అద్దంలోంచి వెలుగు వంగి వచ్చేటప్పుడు రంగులు విడిపోతాయి, చేప అంచులు చెదిరినట్టు వస్తాయి. లెన్స్ అద్దానికి సూటిగా ఉండాలి, అంతే.

మిగిలిన డబ్బు వెలుగు మీద పెట్టా, ఈ పోస్ట్ రాయడానికి అసలు కారణం ఇదే. గోడాక్స్ టీటీ600, మాన్యువల్ ఫ్లాష్, ఐదు వేల చిల్లర. దాన్ని కెమెరా మీద కాదు, ట్యాంక్ పైన ఉన్న గాజు మూత మీద కిందికి చూసేలా పెడతా. కెమెరా మీద పెడితే వెలుగు నేరుగా అద్దానికి కొట్టి తిరిగి మన మొహానికే వస్తుంది. పైనుంచి పడితే నదిలో ఎండ పడ్డట్టు పడుతుంది, చేప వీపు మెరుస్తుంది, వెనక చీకటి దానంతటదే వస్తుంది. ట్రిగ్గర్ కొనలేదు, కెమెరాలో ఉన్న చిన్న ఫ్లాష్‌ని మాన్యువల్‌లో 1/32కి తగ్గించి, దాని ముందు తెల్ల అట్ట ముక్క ఏటవాలుగా పెట్టి వెలుగుని పైకి మళ్లిస్తా, అది చూసి టీటీ600 ఎస్1 మోడ్‌లో తనూ వెలుగుతుంది. పాలిథిన్ కవర్‌లో వదులుగా చుట్టి పెడతా, నీళ్ల మీద కరెంటు వస్తువు కదా, మూత గట్టిగా లేని ట్యాంక్ అయితే అసలు పెట్టొద్దు, పక్కన స్టూల్ వేసుకుని పైనుంచి ఎవరినైనా పట్టుకోమనండి.

ఫ్లాష్ వచ్చాక నియాన్ గీత చూసి నేను కాసేపు అలా ఉండిపోయా. అది పూసిన రంగు కాదు, చర్మంలో దొంతరలుగా పేర్చినట్టుండే స్ఫటికాల మీద వెలుగు పడి తిరిగొచ్చేటప్పుడు పుట్టే రంగు, అందుకే చేప కాస్త తిరిగితే నీలం ఆకుపచ్చ అవుతుంది. ఫోన్‌లో అది ఒక నీలం మరక. ఇక్కడ గీత పొలుసు పొలుసుకీ విడివిడిగా, తోక వైపు వెళ్లే కొద్దీ పచ్చబడుతూ, కింద ఎరుపు మొదలయ్యే చోట ఒక సన్నటి వెండి అంచు. మూడేళ్లు రోజూ చూశా ఆ చేపల్ని, ఆ వెండి అంచు ఎప్పుడూ చూడలేదు.

జపాన్ ఆయన తకాషి అమానో (1954–2015), మొక్కల ట్యాంకులకి ప్రపంచమంతా ఒక కొత్త దారి చూపించినాయన, ఆయన ప్రకృతి ఫొటోగ్రాఫర్ కూడా, అడవుల్ని పెద్ద ఫార్మాట్ ఫిల్మ్ కెమెరాలతో తీసేవారు. ఆ చూపే ట్యాంకుల్లోకి తెచ్చారనిపిస్తుంది. నాచు తినడానికి మనం కొనే చిన్న రొయ్య అమానో ష్రింప్‌కి ఆయన పేరే.

ఇప్పుడు నేను తీసే పద్ధతి చెప్తా. ముందు రోజు నీళ్లు మారుస్తా, అదే రోజు మారిస్తే అద్దానికీ ఆకులకీ సన్న బుడగలు పట్టేస్తాయి. లోపలి నాచు పాత ఏటీఎం కార్డుతో గీరేస్తా. మా బోరు నీళ్లకి బయట అద్దం మీద తెల్ల చారలు కడతాయి, నిమ్మచెక్కతో రుద్ది తడిగుడ్డతో తుడిస్తే పోతాయి, సబ్బు మాత్రం ట్యాంక్ దరిదాపుల్లోకి రానివ్వను. గదిలో లైట్లు, టీవీ అన్నీ ఆపి, కర్టెన్లు వేసి, నల్ల చున్నీ కప్పుకుని కూర్చుంటా. లెన్స్‌కి రబ్బరు హుడ్ పెట్టి అద్దానికి ఆనిస్తే రిఫ్లెక్షన్ గొడవే లేదు, అది రెండు మూడు వందలకి దొరికింది. మేత వేయకముందే తీస్తా, వేశాక నీళ్లలో తేలే రవ్వలన్నీ ఫ్లాష్‌కి చుక్కల్లా మెరుస్తాయి. ట్యాంక్ నీళ్లు శుభ్రం చేసే ఫిల్టర్ పది నిమిషాలు ఆపుతా, మళ్లీ వేయడం మర్చిపోకుండా ఫోన్‌లో అలారం పెట్టుకుంటా.

షట్టర్ 1/160, ఎఫ్ 8, ఐఎస్ఓ 200, ఫ్లాష్ 1/8 పవర్ దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ జరుపుతా. పవర్ తగ్గే కొద్దీ ఫ్లాష్ మెరిసే సమయం కూడా తగ్గుతుంది, చేపని ఆపేది షట్టర్ కన్నా ఎక్కువగా ఆ మెరుపే. ఫోకస్ మాత్రం చేప వెంట పరిగెత్తించను, ఒక ఆకు మీద పెట్టి మాన్యువల్‌కి మార్చి, చేప ఆ ఆకు దగ్గరికి వచ్చేదాకా ఆగుతా, కన్ను స్పష్టంగా ఉన్నప్పుడే నొక్కుతా. యాభై తీస్తే రెండు నిలుస్తాయి. మొదటి రెండు ఫ్లాష్‌లకి మా నియాన్లు ఉలిక్కిపడి మొక్కల్లోకి పోయాయి, తర్వాత పట్టించుకోలేదు, అయినా పది పదిహేను నిమిషాలు దాటి తీయను.

వైట్ స్పాట్ మందు పూర్తిగా పోయిందని నమ్మకం కుదిరాక, వేసవిలో చెర్రీ ష్రింప్ తెచ్చా. పోయిన ఆదివారం ఒక ఆడది జావా ఫర్న్ కింద కదలకుండా కూర్చుని కాళ్లు ఆడిస్తోంది. లెన్స్‌కీ కెమెరాకీ మధ్య 12 మిల్లీమీటర్ల ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ పెట్టి తీశా, అది కూడా చవకే, లోపల గాజు ఏమీ ఉండదు, ఖాళీ గొట్టం. కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే పొట్ట కింద గుడ్లు, పసుపు పచ్చగా, లెక్కపెట్టగలిగినవి ఇరవై మూడు, కొన్నిటిలో రెండేసి నల్ల చుక్కలు. బాబాయికి పంపా, ఈసారి ఒక్కటే ఫొటో.

రెండు నిమిషాల్లో ఫోన్ వచ్చింది. "అమ్మాయ్, ఆ చుక్కలు కళ్లు. వారంలో పిల్లలొచ్చేస్తాయి. పిల్లల్ని లోపలికి లాగకుండా నీ ఫిల్టర్ నోటికి స్పాంజ్ ఉందా?"

లేదన్నా. "అయితే ఫొటోలు తర్వాత, ముందు అది కట్టు" అన్నారు. కట్టేశా.