మా బయ్యర్ వివరాలు బయటపడ్డ వ్యవహారం: నా అనుభవం

గుంటూరు నుంచి ఎండు మిర్చి ఎగుమతి చేస్తుంటాను. ఇటీవల మరో వ్యాపారి న్యూజెర్సీలోని మా బయ్యర్‌కు మెయిల్ పంపి, మేము చివరిగా పంపిన కంటెయినర్ బరువు, ఓడ పేరుతో సహా ప్రస్తావించి, అదే తేజ రకాన్ని తక్కువ ధరకు ఇస్తానన్నాడు.

నా అనుమానం మా సరుకుకు కస్టమ్స్ పనులు చూసే క్లియరింగ్ ఏజెంట్ మీదికి పోయింది. వాళ్ల ఆఫీసుకు వెళ్లి అడిగితే, మేనేజరు నలుగురు వ్యాపారుల ముందు, "మిర్చి ఘాటు ఊరంతా కొడుతుంటే ఇక దాచేదేముందండీ? సరుకు అమ్ముకోలేక మా మీద పడితే ఎలా?" అనగానే అందరూ నవ్వారు. కాయను చేత్తో నలిపి తేమ ఎంతుందో చెప్పగల నన్ను పట్టుకుని అన్న మాట అది! 1962 నాటి కస్టమ్స్ చట్టంలో 2022లో చేర్చిన 135ఏఏ సెక్షన్ ప్రకారం, ఎగుమతి సరుకు విలువ, పరిమాణం, ఎగుమతిదారు వివరాలు చట్టవిరుద్ధంగా ప్రచురించినవారికి ఆరు నెలల వరకు జైలు గానీ, 50,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చని చెబితే, "అవన్నీ పుస్తకాల్లో ఉంటాయి సార్" అన్నాడు. అతని బల్ల మీద ఎవరిదో బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు ఓడకెక్కించినట్టు ఇచ్చే రవాణా పత్రం, తెరిచే ఉంది. దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు గానీ, సరుకు అందుకునేవారి పేరు నాకు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.

చిక్కుముడి విప్పింది విజయవాడలోని ఒక న్యాయవాది. ఆ మెయిల్‌లో బరువు, ఓడ పేరు ఉన్నాయి గానీ మేము అమ్మిన ధర లేదు. ఇక్కడి కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం, అంటే షిప్పింగ్ బిల్లు, చేతికి చిక్కినవాడైతే ధర చూడకుండా ఉండడని, ఇది అమెరికాకు చేరే ఓడల మానిఫెస్టు (ఓడలోని సరుకుల జాబితా) నుంచి వచ్చి ఉంటుందని ఆయన అన్నారు. అక్కడ పంపినవారి, అందుకున్నవారి పేర్లు బయటికి ఇవ్వడం చట్టసమ్మతమే. వాటిని కొని అమ్మే కంపెనీలూ ఉన్నాయి. దిగుమతి మానిఫెస్టులో పేర్లు గోప్యంగా ఉంచమని అక్కడి కస్టమ్స్‌ను కోరే హక్కు దిగుమతిదారుదే కాబట్టి, ఇక్కడ కూర్చుని నేను ఎన్ని అర్జీలు పెట్టినా ప్రయోజనం లేదు.

బయ్యర్ తన పేరుతో పాటు మా పేరూ చేర్చి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేశారు, రుసుమేమీ లేదు. మీరు చేయిస్తే మాత్రం, పాత బిల్ ఆఫ్ లేడింగ్‌లన్నీ ముందేసుకుని, కంపెనీ పేరును ఎన్ని రకాల స్పెల్లింగులతో రాశారో అన్నీ ఇవ్వండి; ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ పేరు బయటికి పోవచ్చు. ఈ గోప్యత రెండేళ్లే ఉంటుంది, గడువు తీరకముందే మళ్లీ కోరాలి. ఇప్పటికే బయటికి పోయిన వివరాలను మాత్రం వెనక్కి తెచ్చే దారి లేదు.

తప్పు ఆ ఏజెంటుది కాదనే తేలినా, తర్వాతి కంటెయినర్ పని మరొకరికి అప్పగించాను.