పాక కట్టే హక్కు

గుంటూరులో మన జేఎంజే సిస్టర్ల బడిలో క్రిస్మస్ పాక, అంటే యేసు పుట్టిన పశువుల పాక నమూనా, కట్టే హక్కు పదో తరగతి వాళ్ళది. చిన్న తరగతుల పిల్లలం ఎంత బతిమాలినా చెయ్యి పెట్టనిచ్చేవాళ్ళు కాదు. బంకమట్టి తొక్కడం, వరిగడ్డి కప్పడం, బొమ్మ గొర్రెలకు విరిగిన చెవులు అతికించడం, అన్నీ వాళ్ళే. మాకు మిగిలేది పాక దగ్గర పెట్టే పచ్చిక పెంచే పని. డిసెంబరు మొదట్లో పాత రేకు పళ్ళాల్లో మట్టి పోసి, గోధుమలు చల్లి, రోజూ నీళ్ళు చిలకరించేవాళ్ళం. అర్ధసంవత్సరం పరీక్షల టెన్షన్‌లో కూడా బెల్లు కొట్టగానే పరుగెత్తుకెళ్ళి, ఎవరి మొలకలు ఎంత ఎదిగాయో చూసుకునేవాళ్ళం.

1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్ళో పునీత ఫ్రాన్సిస్ గారు నిజం ఎద్దుతో, గాడిదతో పశువుల పాక ఏర్పాటు చేశారని సిస్టర్ చెప్పేవారు. మన పాకకు మాత్రం గుంటూరు కళ ఉండేది. ధనుర్మాసం కదా, తెల్లవారుజామున ఇంటి ముందు ముగ్గు పెట్టి వచ్చిన చేతులే బళ్ళో పాక ముందూ ముగ్గు పెట్టేవి. చుక్కల ముగ్గులు బాగా వచ్చిన అమ్మాయిలను హాస్టల్ పిల్లలే వెతికి పట్టుకొచ్చేవాళ్ళు. నక్షత్రానికి చమ్కీ కాగితం మా క్లాసులో ఒక ముస్లిం అమ్మాయి వాళ్ళ నాన్న కొట్టు నుంచి వచ్చేది. ఎవరు ఏ మతమో అందరికీ తెలుసు. కథోలిక పిల్లలు సత్యోపదేశానికి, అంటే వాళ్ళ మతబోధ క్లాసుకు, వెళితే మేం నీతిబోధ క్లాసుకు వెళ్ళేవాళ్ళం. పాక దగ్గర మాత్రం అందరం ఒకచోటే ఉండేవాళ్ళం.

మన సిస్టర్ల సభ, అదే జేఎంజే (జీసస్, మేరీ, జోసెఫ్), 1822లో హాలండులో పుట్టింది. అక్కడి నుంచి 1904లో సిస్టర్లు గుంటూరు వచ్చారు. చలిదేశంలో పుట్టి పెరిగినవాళ్ళు మన రోహిణి కార్తె ఎండల్ని ఎలా భరించారో అని ఇప్పటికీ అనుకుంటాను. మా రోజులకు సిస్టర్లు ఎక్కువమంది తెలుగువాళ్ళే. మార్చి 19న జోజప్పగారి (సెయింట్ జోసెఫ్) పండుగ, అక్టోబరులో జపమాల, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో బీదల కోసం పిడికెడు బియ్యం... వీటితోనే మాకు ఏడాది తిరిగేది.

నేను ముఖ్యంగా రాయాలనుకున్నది 1977 సంగతి. అప్పుడు ఏడో తరగతిలో ఉన్నాను. నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన రేపల్లె వైపు ఊళ్ళనూ వదల్లేదు. మన హాస్టల్లో ఆ వైపు పిల్లలు చాలామందే ఉండేవాళ్ళు. స్తంభాలు కూలి, దారులు తెగి, ఇంటి కబురు తెలియలేదు. సిస్టర్లు వాళ్ళను ఒంటరిగా వదలకుండా రాత్రుళ్ళు తమ దగ్గరే పడుకోబెట్టుకున్నారట.

బడి తెరిచాక హాలునిండా తుఫాను బాధితుల కోసం బియ్యం మూటలు, బట్టలు. వాటిని అలాగే పంపలేదు. కుట్టు టీచరు మిషన్లన్నీ హాల్లోకి తెప్పించారు. చిరిగినవి కుట్టాలి, ఊడిన గుండీలు, హుక్కులు వెయ్యాలి, ఉతికి మడత పెట్టాలి. "మనం కట్టుకోలేని బట్ట ఇంకొకళ్ళకి ఎలా ఇస్తామమ్మా?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్. గుండీ కుట్టడం నాకు అక్కడే వచ్చింది. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో అమల్లో ఉంది.

మా క్లాసు అమ్మాయి ఒకామె కోసం వాళ్ళ నాన్న కొన్ని రోజుల తర్వాత గేటు దగ్గరికి వచ్చారు. ఇల్లు లేదు, గొడ్లు లేవు, మనుషులు మిగిలారు. ఆ కబురుకే హాస్టలంతా ఏడ్చింది.

ఆ ఏడు కేకులు, కానుకలు మానేసి ఆ డబ్బు తుఫాను సహాయానికి పంపించాం. పాక కూడా వద్దన్నారు పదో తరగతి అక్కలు. కట్టాలని పట్టుబట్టింది హాస్టల్ పిల్లలే. వరిగడ్డి కప్పే వేళకు పదో తరగతి లీడరు మా క్లాసుకు వచ్చి, ఇల్లు పోయిన ఆ అమ్మాయిని పిలిచింది. "నీకు కప్పు వెయ్యడం వచ్చు కదా, రావే" అంది. ఏడో తరగతి పిల్ల పాక మీద చెయ్యి వెయ్యడం మేం చూడ్డం అదే మొదలు. గడ్డి పాయలు పాయలుగా తీసి, చూరు సమంగా కోసి, వానొచ్చినా చుక్క కారనంత గట్టిగా కట్టింది. మేమంతా చుట్టూ నిలబడి గడ్డి అందించాం.

ఇప్పుడు థర్మోకోల్ పాకలు కొట్లో దొరుకుతున్నాయి. మన బడిలో అవి రాకూడదని నా గట్టి కోరిక. ఈ డిసెంబరులో పదో తరగతి పిల్లలకు కప్పు నేర్పడానికి, ఆనాడు కప్పు వేసిన మా క్లాసు అమ్మాయే వస్తానంది. పచ్చిక పళ్ళాలు మా బ్యాచ్‌వి. ముగ్గు వేసేవాళ్ళు కావాలి, మిగతా బ్యాచ్‌ల వాళ్ళు పేర్లు ఇవ్వండి.