చెవికి స్క్రూడ్రైవర్

"ఒరేయ్, అక్కడ కాదు, ఇక్కడ పెట్టి విను" అంటూ నాన్న పొడుగు స్క్రూడ్రైవర్ పిడి నా చెవికి ఆనించాడు. మొన ఇంజన్ పక్కన కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ మీద. గరగరమని, రాళ్లు నమిలినట్టు చప్పుడు. అదే మొన వాటర్ పంపు మీదికి మారిస్తే ఏమీ లేదు, ఒట్టి హోరు.

మూడు రోజులుగా మా మినీ లారీది ఇదే మోత. షెడ్డులో అయితే బండి ఆగీ ఆగకముందే "బోరు పని" అనేశారు, అంటే ఇంజన్ విప్పి సిలిండర్లు తొలిచే పెద్ద ఖర్చు. రాత్రి నిద్ర పట్టలేదు. కిస్తీలు ఇంకా 14 ఉన్నాయి మరి.

ఆ రెండింటినీ తిప్పే బెల్టును నాన్న ఊడదీసి ఒక్క నిమిషం స్టార్ట్ చేయమన్నాడు. (బెల్టు లేకపోతే నీళ్లు తిరగవు, అంతకుమించి నడపొద్దని నాలుగుసార్లు చెప్పాడు.) మోత మాయం! ఆల్టర్నేటర్ పుల్లీని (బెల్టు తిరిగే చక్రాన్ని) చేత్తో తిప్పితే ఇసుకలో తిరిగినట్టుంది. బేరింగ్ పోయింది, అంతే.

కొత్తది 350 రూపాయలు. వేపచెట్టు కింద గంటన్నర పని, అందులో అరగంట కిందపడ్డ నట్టు కోసం వెతుకులాటే. బేరింగ్ ఊడలాగే పుల్లర్ పక్కింటాయనది, ఇంకా తిరిగివ్వలేదు.

ఇప్పుడు ఇంజన్ బుద్ధిగా ఉంది. నాన్న మాత్రం స్క్రూడ్రైవర్ పట్టుకుని అమ్మ మిక్సీ వైపు చూస్తున్నాడు.