నాపరాతి నేలలో నీటి దారులు

నార్కట్‌పల్లి నుంచి అద్దంకి వెళ్ళే రహదారి మీద మిర్యాలగూడ దాటి దామరచర్ల వైపు వస్తున్నకొద్దీ నల్లగొండ వాళ్ళ కళ్ళకు అలవాటైన గ్రానైట్ గుట్టలు, ఒకదానిపై ఒకటి నిలిచిన గుండ్లు వెనకబడిపోతాయి. కృష్ణ దగ్గరపడేసరికి ఇళ్ళ ప్రహరీలు, పశువుల కొట్టాలు కూడా బూడిదరంగు నాపరాతి పలకలతో కట్టినవే కనిపిస్తాయి. రాయి మారిందంటే దాని కింద నీరు నడిచే తీరూ మారినట్టే. ఆ తీరును దగ్గరగా చూడాలని వానాకాలం మొదట్లో వాడపల్లి, మఠంపల్లి ప్రాంతాలకు వెళ్ళాను.

మాది మర్రిగూడ వైపు. అక్కడ చివికిన పై పొరలోనూ, దాని కింది గ్రానైట్ పగుళ్ళలోనూ మాత్రమే నీరుంటుంది. ఏళ్ళ తరబడి రాతిని అంటిపెట్టుకుని ఉండే ఆ నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటి, ఊళ్ళకు ఊళ్ళనే ఎముకల జబ్బు పాలు చేసింది. కృష్ణ ఒడ్డున నాపరాయిగా పరుచుకున్నది నార్జి అనే సున్నపురాయి. కర్నూలు వైపు 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలు ఏర్పడినది ఇదే రాతిలో. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని బలహీనమైన ఆమ్లంగా మారి, రాతి సందుల్లోకి దిగి, వెంట్రుకవాసి పగులును వేల ఏళ్ళలో చేయి పట్టేంత, ఒక్కోచోట మనిషి దూరేంత దారిగా తొలుస్తుంది. ఇలాంటి నేలను శాస్త్రజ్ఞులు కార్‌స్ట్ అంటారు.

మఠంపల్లి దగ్గర పని ఆగిపోయిన ఒక క్వారీలోకి దిగి గోడను చాలాసేపు పరిశీలించాను. పలకకూ పలకకూ మధ్య గీతలు గోడ పైనుంచి కింది దాకా అడ్డంగా, తిన్నగా ఉన్నాయి గానీ, వాటిని నిలువుగా కోసే పగుళ్ళు మాత్రం ఎక్కడికక్కడ వెడల్పై ఎర్రమట్టితో నిండి ఉన్నాయి. ఒక పగులు పక్కన రాతి అంచు మీద వేలు పట్టేంత గాడులు వరుసగా కిందికి దిగాయి. వేలు పెట్టి చూస్తే లోపలి భాగం అరగదీసినంత నున్నగా తగిలింది. వెంట తెచ్చుకున్న పలచని ఆమ్లం ఒక చుక్క వేయగానే రాయి బుసబుసమని పొంగింది. ఇక్కడ కొన్ని క్షణాల్లో కళ్ళెదుట జరిగిన ఈ పనినే వాననీరు ఎంతో నెమ్మదిగా నేల లోపల చేస్తూ వస్తున్నది.

క్వారీకి కొంత దూరంలో పత్తి చేను ఉన్న ఒక పెద్దాయన తన బోరు సంగతి చెప్పాడు. "బోరు బండి తోలుతుంటే ఒక్కసారిగ రాడ్ దిగబడ్డది సార్, పొడి రావుడు బందైంది. గ్యాపు తగిలిందన్నరు. మాకు నీళ్ళు పడ్డయి, పక్క చేనాయనకు దుమ్ము తప్ప ఏం రాలే. కాకపోతే పెద్దవాన పడ్డ తెల్లారి మా బోరుల నీళ్ళు ఎర్రగొస్తయి, రెండు దినాలకు మళ్ల తేటగైతయి." నేను వెతుక్కుంటూ వచ్చిన సాక్ష్యం ఈ చివరి మాటలోనే దొరికింది. గ్రానైట్ నేలలో లోతైన బోరుకు వాననీరు చేరాలంటే సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. దారిలో మట్టి దాన్ని వడగడుతుంది. ఒక్క రాత్రిలో బురద దిగివచ్చిందంటే పైనుంచి బోరు దాకా తెరిచిన దారి ఉండాలి. అలాంటి దారిలో మురికి గానీ సూక్ష్మజీవులు గానీ వడపోతకు చిక్కవు.

ఈ నీటి వేగాన్ని కొలవాలంటే రంగు కలిపి చూడడం నమ్మకమైన పద్ధతి. జర్మనీలో డాన్యూబ్ నది ఒకచోట సున్నపురాతిలోకి ఇంకిపోతుంది. 1877లో అక్కడ 10 కిలోల ఫ్లోరెసిన్ రంగు కలిపితే, అది సుమారు 12 కిలోమీటర్ల దూరంలోని ఆక్ ఊటలో 60 గంటల ప్రాంతంలో బయటపడింది. ఇసుకలో నీటి నడకకు 1856లో ఫ్రెంచి ఇంజనీరు డార్సీ ఇచ్చిన సూత్రం ఇలాంటి సొరంగాలకు సరిపోదు. అందుకే ఒక బోరులో నీటిమట్టం కొలిచి, పక్క చేను గురించి తీర్పు చెప్పడం ఈ నేలలో చెల్లదని నా గట్టి అభిప్రాయం.

సాయంత్రం వాడపల్లి చేరాను. అగస్త్యేశ్వరుని గుడి దగ్గర నిలబడితే మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు కనిపిస్తుంది. హైదరాబాదు మురుగును మోసుకొచ్చే ఏరు ఇలాంటి రాతి నేల మీదుగా సాగడం నన్ను నిజంగా కలవరపెట్టింది. కార్‌స్ట్ ప్రాంతాల్లో నది మట్టం పెరిగినప్పుడు, మామూలుగా నదిలోకి ఊరే నీటి దారులే ఎదురు తిరిగి నది నీటిని ఒడ్డు లోపలికి తీసుకుపోగలవు. ఇప్పుడు నది మట్టాన్ని పెంచే పులిచింతల జలాశయం కూడా దిగువన ఉంది. ఈ తీరపు ఊళ్ళలో పాడుబడిన క్వారీ గుంతలను, ఎండిన బోర్లను చెత్తతో పూడ్చడం వెంటనే ఆగాలి. ఆ చెత్త ఎవరి బిందెలో తేలుతుందో ముందుగా చెప్పలేం.

తిరిగి వచ్చేముందు మళ్ళీ పెద్దాయన చేనుకు వెళ్ళి, నీటిలో కరిగిన లవణాలను అంచనా కట్టే చిన్న మీటరును ఆయన కొడుకు చేతికిచ్చి, వాడే పద్ధతి చూపించాను. వాననీరు నేరుగా దిగితే ఆ అంకె చప్పున పడిపోతుంది. ఈ వానాకాలమంతా రోజూ పొద్దున మోటారు వేయగానే ఆ అంకెను, నీటి రంగును, ముందురోజు వాన పడిందో లేదో నోటుబుక్కులో రాసి, వారానికోసారి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతానని అతను ఒప్పుకున్నాడు.