సునౌలీ గేటు దగ్గర పోయిన పావుగంట

గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కడి నుంచి నేపాల్ సరిహద్దులో మన వైపున్న సునౌలీకి బస్సు. ముక్తినాథ్ వెళ్లే మనవాళ్లకి కొట్టిన పిండే కాబట్టి దారి సంగతి వదిలేస్తున్నా. పోఖరా బస్సు ఏడింటికి. రాత్రి ఇవతలి లాడ్జిలోనే పడుకుని, పొద్దున 6:50కి సరిహద్దు గేటు దాటి నేపాల్ వైపు బెలహియాలో అడుగుపెడితే బస్సు లేదు. అక్కడి గోడ గడియారంలో 7:05; వాళ్ల టైమ్ మనకన్నా పావుగంట ముందు. డబ్బు వాపసు ఇవ్వరట. మళ్లీ టికెట్ కొన్నాను, అదీ మన వందకి వాళ్ల 150 లెక్కన. అసలు మారకం 160!

భూమి 360 డిగ్రీలు తిరగడానికి 24 గంటలు, అంటే డిగ్రీకి 4 నిమిషాలు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది. మీర్జాపూర్ పక్కనుంచి వచ్చి కాకినాడకి ఎగువన సముద్రంలోకి దిగే గీత అది. నేపాల్ కూడా 1986 దాకా మన టైమే వాడింది. ఆ ఏడాది గౌరీశంకర్ శిఖరం వైపు గీతకి, 86.25 డిగ్రీలకి మారింది. తేడా 3.75 డిగ్రీలు, నాలుగుతో హెచ్చవేస్తే సరిగ్గా 15 నిమిషాలు. సునౌలీ ఉన్నది 83.5కి దగ్గర్లో. సూర్యుడి సగటు లెక్కలో అది మన గడియారానికి 4 నిమిషాలు ముందు, వాళ్లదానికి 11 వెనక. సూర్యుణ్ణి అడిగితే బస్సు నాకు దొరికేదే.

ఫోను దానంతటదే మారుతుందని నమ్మొద్దు. అది టైమ్‌ని ఎక్కువగా టవర్ నుంచి తీసుకుంటుంది. సరిహద్దులో మన సిమ్ ఇవతలి టవర్‌నే పట్టుకు వేలాడుతుంది; రోమింగ్ లేకపోతే అవతలా పాత టైమే చూపించొచ్చు. ముందురోజు రాత్రే సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ టైమ్ జోన్ ఆపి, కాఠ్మాండూ జోన్ (గ్రీనిచ్ టైమ్‌కి 5:45 గంటలు ముందు) ఎంచుకుని, అప్పుడు అలారం పెట్టండి. జోన్ వదిలేసి అంకెలు మాత్రం పావుగంట ముందుకి జరిపారో, లోపలి గ్రీనిచ్ లెక్క తప్పుతుంది. లాగిన్‌కి వాడే అథెంటికేటర్ యాప్ 30 సెకన్లకో కోడ్ ఇచ్చేది ఆ లెక్కతోనే, కాబట్టి ఆ కోడ్ చెల్లకపోవచ్చు.

విమానంలో వచ్చేవాళ్లకి ఈ తంటా తక్కువ. టికెట్ మీద ఎక్కేచోటి టైమ్, దిగేచోటి టైమ్ వేరువేరుగా ఉంటాయి. అందుకే ఢిల్లీ నుంచి కాఠ్మాండూకి ప్రయాణం పావుగంట ఎక్కువగా, తిరుగుదారిలో పావుగంట తక్కువగా కనిపిస్తుంది.

తరవాతి బస్సు ఎనిమిదింటికి అన్నారు. ఎవరి ఎనిమిదో రెండుసార్లు అడిగి మరీ ఎక్కాను.